పిలిస్తే పలకలేదు

1979 వేసవిలో నన్ను రాజమండ్రి నుంచి బదిలీ చేసి, కాకినాడకి దక్షిణాన ఉన్న ఒక సర్కిల్‌కి ఇన్‌స్పెక్టరుగా వేశారు. సర్కిల్ అంటే మూడు నాలుగు పోలీసు స్టేషన్ల పరిధి. ఒక్కో స్టేషన్‌కి ఒక ఎస్సై, వాళ్ళందరి పైనా ఇన్‌స్పెక్టరు. చిన్న కేసులు ఎస్సైలు చూస్తారు, పెద్దవి ఇన్‌స్పెక్టరు దర్యాప్తు చేస్తాడు, పైవాళ్ళ చేత తిట్లు మాత్రం ఇద్దరూ తింటారు. ఊరి పేరు చెప్పను. ఈ కేసులో ఉన్నవాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడే వ్యాపారం చేసుకుంటున్నారు.

ఉప్పుటేరు పక్కన ఉన్న చిన్న బజారు ఊరది. ఒక కొసన జాలర్ల పేట, ఇంకో కొసన పడవల రేవు, మధ్యలో వర్తకుల బజారు. వేటకి వెళ్ళాలంటే పేటవాళ్ళు బజారులోంచే నడవాలి, వేరే దారి లేదు. ఆ ఏడాది కొట్లలో వరసగా దొంగతనాలు జరిగాయి. దొంగ దొరకలేదు. దొరక్కపోయేసరికి పేటవాళ్ళ పనే అయి ఉంటుందని బజారంతా తీర్మానించుకుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. వర్తకులు వంతులు వేసుకుని గస్తీ మొదలుపెట్టారు. కర్రలు, టార్చిలైట్లు, వాటితో పాటు కిరాణా హోల్‌సేలు వర్తకులు సుబ్బారాయుడు గారి లైసెన్సు తుపాకీ.

నేను చార్జి తీసుకున్న కొత్తలోనే, ఒకనాటి తెల్లవారుజామున ఆ తుపాకీ పేలింది. నూకరాజు అనే జాలరి కుడి భుజంలో సీసం గుళ్ళు దిగాయి.

నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి ఎస్సై రెండు కేసులు కట్టి ఉంచాడు. నూకరాజు భార్య మంగ ఫిర్యాదు మీద సుబ్బారాయుడు గారిపై హత్యాయత్నం కేసు. సుబ్బారాయుడు గారి ఫిర్యాదు మీద నూకరాజుపై దొంగతనానికి ప్రయత్నించిన కేసు. ఇలాంటివాటిని మేము కేసు, కౌంటరు అంటాం. రెంటినీ ఒకే అధికారి దర్యాప్తు చేసి, ఏది నిజమో తేల్చుకుని, రెండోది అబద్ధమని కోర్టుకి నివేదించాలి. రెంటికీ చార్జిషీట్లు పడేసి, మిగతాది కోర్టువారు చూసుకుంటారని చేతులు దులుపుకోవడం సులువు. చాలామంది చేసేదీ అదే.

ఎస్సై ఇంకో అడుగు ముందుకేసి, నూకరాజు మీద సస్పెక్టు షీటు తెరవాలని సిఫార్సు కూడా చేశాడు. షీటు ఉన్నవాడి తలుపు బీటు కానిస్టేబులు ఏ వేళప్పుడైనా వచ్చి కొడతాడు. మనిషి ఇంట్లో ఉండాలి. లేకపోతే తెల్లారాక స్టేషన్‌లో కూర్చోబెట్టి ఎక్కడికి పోయావని అడుగుతారు. కోడి కూయకముందే రేవుకి పోవలసిన మనిషికి షీటు తెరవడమంటే వేట మానెయ్యమనడమే. చెయ్యి పాడైనా ఎవరో ఒకరి పడవలో చుక్కాని పట్టి బతకవచ్చు. షీటు తెరిస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఆధారమేమిటయ్యా అని అడిగాను.

“మూడుసార్లు పిలిచారు సార్, పలకలేదు. భుజాన మూట ఉంది. నిజాయితీపరుడైతే పలికేవాడు కదా సార్?” అన్నాడు.

ఆ మూట వల అని పంచనామాలో రాసింది అతనే. ఎస్సై కుర్రవాడు, చెడ్డవాడు కాదు. బజారులో కూర్చుని బజారు మాట రాసుకొచ్చాడు, అంతే.

కాకినాడ పెద్దాసుపత్రిలో నూకరాజు వాంగ్మూలం తీసుకున్నాను. పిలిస్తే ఎందుకు పలకలేదన్నాను. “యేటకెల్తుంటే ఎనకనించి ‘ఎక్కడికి’ అని కేకేశారండి. పలికితే ఆ రోజు వల్లో ఏం పడదండి. రోజూ అలాగే కేకేత్తారు, రోజూ పలక్కుండానే పోతానండి. ఆయేళ తుపాకీ ఉందని నాకేం తెల్సండి?” అన్నాడు.

అది శకునం. నేనూ గోదావరి వాడినే, గడప దాటుతుంటే ఎక్కడికని అడిగితే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ అంతమంది కేకలేస్తుంటే ఒక్క మాట చెప్పి ఉంటే పోయేదేముందని విసుక్కున్నాను. అంతవరకూ మంచం పక్కన మాట్లాడకుండా నిలబడ్డ మంగ అప్పుడంది: “పేట మడిసినని సెబితే మాత్రం ఒగ్గేసేవోరాండీ? గస్తీ ఎట్టిందే మా కోసం గదాండీ!”

కలం మూసి బయటికొచ్చేశాను.

సుబ్బారాయుడు గారి గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. కాల్చి పారిపోయిన మనిషి కాదు. నూకరాజుని తన కారులోనే ఆసుపత్రికి చేర్పించారు. “భయపడ్డానండి, చీమకి కూడా అపకారం తలపెట్టినవాణ్ణి కాదండి” అని నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ మాట నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆయన భయం నిజమైనదే. నడిచి వెళ్ళే మనిషి మొహం చూడకముందే, ఆ వేళకి ఆ వైపు నుంచి వచ్చినందుకే ఆ భయం పుట్టింది. అంతకంటే ఆయన మీద చెప్పడానికి నాకేమీ లేదు, కానీ అది చిన్న విషయం కాదు.

ఆయన బెయిలు మీద వచ్చిన మర్నాడు పొద్దున్న, నేను నేరస్థలం కొలతలు తీయించడానికి బజారులో ఉన్నాను. సుబ్బారాయుడు గారు వకీలుని కలవడానికి తెల్లపంచె కట్టుకుని గడప దిగారు. ఎదుటి బట్టల కొట్టు వర్తకులు వీరన్న గారు అప్పుడే తలుపులు తీస్తూ, “ఎక్కడికండీ పొద్దున్నే?” అన్నారు. ఈయన పలకలేదు. వినపడలేదేమోనని ఆయన మళ్ళీ కేకేశారు. ఈయన తల కూడా తిప్పకుండా గిరుక్కున వెనక్కి తిరిగి, ఇంట్లోకెళ్ళి కూర్చున్నారు. లోపలి నుంచి మంచినీళ్ళు వచ్చాయి. తాగి, కాసేపాగి, మళ్ళీ బయల్దేరారు. వీధిలో ఒక్కరూ వింతగా చూడలేదు. ఇందులో వింతేముంది?

వీరన్న గారు గస్తీలో ఉన్న మనిషి. పిలిస్తే పలకలేదు కాబట్టి దొంగే అనుకున్నామని ఎస్సైకి చెప్పిన ముఖ్య సాక్షి ఆయనే. దగ్గరికెళ్ళి, సుబ్బారాయుడు గారు పలకలేదేమండీ అని అడిగాను.

“అయ్యో, నాదేనండి తప్పు! పనిమీద బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగొచ్చాండీ?” అని నాలిక్కరుచుకున్నారు.

అక్కడే, ఆయన కొట్టు అరుగు మీద కూర్చుని, ఆ మాటని అదనపు వాంగ్మూలంగా రాశాను. చదివి వినిపించాను. సగంలో ఆయన మొహం మారింది. తప్పుగా రాశానని మాత్రం అనలేకపోయారు.

నూకరాజు మీద కేసు అబద్ధమని రిఫర్ చేశాను. రిఫర్ చేయడమంటే నేరం జరగలేదని పోలీసే మేజిస్ట్రేటుకి నివేదించడం. షీటు సిఫార్సు తిప్పి పంపేశాను. రెండు కేసులూ కోర్టుకి పంపితే రెండువైపులా రాజీ కుదిరేది కదా అని పై అధికారి ఒకాయన నాకు హితవు చెప్పారు. ఆ రాజీలో నూకరాజు వదులుకోవలసింది ఏమిటో, సుబ్బారాయుడు గారు వదులుకోవలసింది ఏమిటో మీరే చెప్పండి సార్ అన్నాను. ఆయనకి కోపం వచ్చింది, నాకూ వచ్చింది. ఆ తరవాత ఆయన నన్ను టీకి పిలవలేదు.

పోలీసుకిచ్చిన వాంగ్మూలం కోర్టులో సాక్ష్యం కాదు, సాక్షి బోనెక్కి మళ్ళీ చెప్పాలి. వీరన్న గారు బోనెక్కి మాట మార్చేస్తారనే భయపడ్డాను. కానీ గస్తీవారు కేకేసినట్టు, నూకరాజు పలకనట్టు చక్కగా చెప్పారు. బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే మీ బజారులో తప్పు ఎవరిదంటారని, నేను రాసిన అదనపు వాంగ్మూలం చూసి జడ్జిగారు అడిగారు. వీరన్న గారు పలకలేదు. ఇంకోసారి అడిగారు. అప్పుడూ పలకలేదు. కోర్టు హాల్లో ఎవరూ ఆయన్ని దొంగ అనుకోలేదు.

హత్యాయత్నం నిలవలేదు. తీవ్రంగా గాయపరిచిన నేరం కింద శిక్ష పడింది, అప్పీలులో అదీ జరిమానాకి దిగింది. తుపాకీ లైసెన్సు రద్దయింది. నూకరాజు మళ్ళీ వల విసరలేకపోయాడు. తమ్ముడి పడవలో ఎడంచేత్తో చుక్కాని పట్టేవాడు. తెల్లవారుజామున అతని తలుపు మా కానిస్టేబులెవరూ కొట్టలేదు.

తీర్పు వచ్చాక వర్తకుల సంఘం పెద్దలు నా దగ్గరికొచ్చారు. తుపాకీ లేకుండా గస్తీ నడుపుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా నడపండి, అయితే రోజూ పేట నుంచి ఇద్దరిని కూడా వంతులో వేసుకోండి, ఎవరు వేటకి పోతున్నారో వాళ్ళు గుర్తుపడతారు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు అన్నాను. ఆలోచించి చెబుతామన్నారు. ఆ వారంలోనే గస్తీ ఎత్తేశారు. పేటవాడి పక్కన నడవడం కంటే దొంగతనాలే నయమనిపించినట్టుంది వాళ్ళకి.

ఆ దొంగ ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, పిలిస్తే పలకలేదు అని కేసు కాగితాల్లో కనిపిస్తే, పలకనివాణ్ణి పక్కన పెట్టి ముందు పిలిచినవాడి వాంగ్మూలం తీసుకునేవాణ్ణి.