ఎవ్వలు నొక్కని బటన్

కూసో బిడ్డా. గా ఫోను పక్కన వెట్టి సక్కగ ఇను. నేను జెప్పింది జెప్పినట్టు రాయి. ఇందుల ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ పూట ముద్ద నా గొంతు దిగద్దు.

తెలంగాణ కొట్లాట జోరుమీదున్నది. బస్సుల్లేవు, రైళ్లు బందు, బడులు బందు. అప్పటికి మీ నాయినకు పెండ్లిగాలె. ఈ కేసముద్రంలనే, మన ముందరి అర్రల, గేముల దుకాణం నడిపెటోడు. మూడు కంప్యూటర్లు. దసరా తెల్లారి పక్కనున్న మానుకోటకు ధర్నాకు వోయిండు. పొద్దుమీకి కబురొచ్చింది... ఆడ గడబిడైందట, పోరగాండ్లు తలో దిక్కు ఉరికిండ్రట. మీ నాయినకు ఫోన్ జేస్తే కలుస్తలేదు.

ఇంట్ల నేను, మీ మేనత్త స్వరూప. ఇద్దరమే. నిద్రెక్కడిది?

"అమ్మా, గీ కంప్యూటర్ పొద్దటిసంది సతాయిస్తుంది. అన్న వచ్చేటాల్లకు బాగుజేస్త" అని కూసున్నది. దాని మనసు నిలువక గట్లన్నది. నాకెర్క లేదా?

గేముల ఒక మనిషుంటడు. బటన్ నొక్కితే నడుస్తడు. కానీ ఆ రాత్రి... నొక్కకున్నా నడుస్తున్నడు. గోడకు మొఖం వెట్టి... టక్... టక్... టక్. ముందటికి జరిగేది లేదు. ఆగేది లేదు.

"అగ్గో, గిదేందే?"

"బటన్లు మల్ల జెప్పాల్నమ్మా. ముందుకు నడుసుడు ఏ బటన్, ఎనుకకు ఏ బటన్ అని."

ఏ బటన్ గావాల్నో నొక్కుమని గేమే అడుగుతదట. స్వరూప చెయ్యి లేపింది... ఇంక ముట్టనే లేదు... అక్షరం దానంతటదే పడ్డది. తుడిసింది. మల్ల పడ్డది. అదే అక్షరం.

ఏందీ? బటన్ ఇరుక్కున్నదా? నువ్వు రాయవయ్యా, నడుమ సొర్రకు! మీ మేనత్త గదే అన్నది. కీబోర్డు బోర్లేసి కొట్టింది. ఏం రాలినయనుకున్నవు? పసుపు, కుంకుమ, అక్షింతలు! దసరాకు ట్రాక్టరుకు, కొడవండ్లకు జేసినట్టే కంప్యూటర్లకు సుత పూజ జేస్తి గదా నేను.

"ఓ అమ్మా! తడి పసుపు బటన్ల మీద పూస్తరానే? నీ భక్తి సల్లగుండ, గేమునే ముంచినవు!"

అది నవ్వుడు, నేను నవ్వుడు. పోయిన పానం లేసొచ్చినట్టైంది.

ఇగ మంచిగ తుడుద్దామని కంప్యూటర్లకెళ్లి కీబోర్డు తీగ గుంజేసింది. తెర మీద మనిషి ఆగిండు. కీబోర్డు నా ఒళ్లె ఉన్నది. కొంగుతోని ఒక్కొక్క బటన్ తుడుస్తున్న. తీగ కొస ఇగో గిట్ల, నా కాళ్ల మీద ఏలాడుతుంది. అంత సడి సప్పుడు లేదు... ఫ్యాను ఒక్కటే కిర్రు కిర్రుమంటుంది...

టక్.

తలెత్తి సూసిన. ఆ మనిషి... మెల్లగ... ఇటు తిరిగిండు. గోడ ఇడిసిండు. టక్... టక్... టక్... తొవ్వ వట్టుకోని పోతనే ఉన్నడు.

"స్వరూపా... నువ్వేనా?"

అది రెండు చేతులు పైకి లేపి సూపెట్టింది. అంతల కరెంటు వోయింది.

తెల్లారంగ తలుపు కొట్టిండు మీ నాయిన. కాళ్లకు చెప్పుల్లేవు, మోచెయ్యి దోక్కపోయింది, గంతే. వాణ్ని పట్టుకోని కడుపునిండ ఏడ్సిన. నా కొడుకు నాకు దక్కిండు, ఇంకేంగావాలె?

మిషన్ల పాత నొక్కుడు మిగిలుంటదని స్వరూప అంటది. ఉంటదేమో. నాకేమెర్క? కానీ చాయ తాగుకుంట మీ నాయిన ఏమన్నడో ఎర్కేనా?

"ఉరుకంగ ఉరుకంగ చీకట్ల ఒక గోదాము గోడకాడ ఇరుక్కున్ననే అమ్మా. ఎటు వోవాల్నో సమజ్ గాలె. గోడనే తడుముకుంట ఉన్న. గప్పుడు... ఎవలో భుజం వట్టి ఇటు తిప్పినట్టైంది. తిరిగి సూస్తె మనూరి దిక్కు వోయే రైలు పట్టాలు. గవ్వే వట్టుకోని వచ్చిన."

"అత్తమ్మా! అన్నం సల్లారుతుంది, రాండ్రి! ఆయన కంచం ముందట కూసున్నడు!"

వస్తున్న బిడ్డా, వస్తున్న! మీ అమ్మ పిలుస్తుంది, నువ్వు సుత లే. గా చెయ్యి ఎవలిదో మీ నాయిన్నే అడుగు. నాకైతే ఇప్పటికి సుత ఆ కీబోర్డు ఒళ్లె వెట్టుకోని తుడుస్తున్నట్టె ఉంటది...