రాగి మందు, రెండో మోతాదు

చివరిసారి ఏదైనా మందు రెండోసారి పోసినప్పుడు, అప్పటికే ఎంత పడిందో మీరు చూశారా, లేక సీసాని నమ్మారా? నిన్న ఈ పరాయి దేశంలో మేముండే క్లెమెంటి పేటలో, మా పక్క ఫ్లాట్‌లో అద్దెకుండే పరిశోధక విద్యార్థిని తలుపు కొట్టింది. "అంకుల్, నా ఫిష్‌కి వైట్ స్పాట్స్ వచ్చాయి. కాపర్ ఎన్ని డ్రాప్స్ వెయ్యాలి?" అంది. ఆ ప్రశ్న నన్ను పాతికేళ్ళు వెనక్కి లాక్కెళ్ళింది.

వై టూ కే పనులతో మేం నలిగిపోతున్న రోజులవి. పాయా లేబర్ అనే పేటలో ఉన్న ఆఫీసులో పొద్దస్తమానం ఇతరులు రాసిన ప్రోగ్రాములను పరీక్షించి తప్పులు పట్టడం నా ఉద్యోగం. అప్పట్లో ఇదే ఊళ్ళో మేముండే బెడోక్‌లో, మా కింది అంతస్తులో ఒక హైదరాబాదీ అంకుల్ ఉండేవారు. తొమ్మిదేళ్ళుగా ఆయన పెంచుకుంటున్న నారింజ, తెలుపు చారల సముద్రపు చేపల జంట ఒకటి ఉండేది. దాన్ని నాకప్పగించి, ఆయన రెండు వారాలకు హైదరాబాదు వెళ్ళారు. తొట్టెలో రాళ్ళూ ఇసకా, నాలుగు రొయ్యలూ ఉండేవి.

నాలుగో రోజుకి చేపల ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. చేపల్ని చూడడానికి నాతో కిందికి వచ్చిన మా అత్తగారు తొట్టె ముందు చెంపలేసుకున్నారు. "అమ్మవారు పోసింది అల్లుడుగారూ! కాస్త పసుపు కలపండి."

"చేపలకి అమ్మవారేంటండీ? అవి కంటికి కనిపించని పరాన్నజీవులు!" అని మొదలుపెట్టి, మశూచి దగ్గర్నించి మూఢనమ్మకాల దాకా గంటసేపు వాయించాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. వాదన గెలిచిన ఊపులో దుకాణానికి పరిగెత్తి రాగి మందు తెచ్చాను. నీళ్ళలో రాగి ఎంతుందో చూసే కిట్ విడిగా కొనాలన్నాడు దుకాణదారు. అక్కర్లేదన్నాను. టేపుతో తొట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, లెక్కకట్టి, పోసేశాను. ఆ లెక్కలోంచి రాళ్ళు ఆక్రమించిన చోటు తీసెయ్యలేదు.

సాయంత్రానికి చుక్కలు తగ్గలేదు. ఆ పురుగు చేపని వదిలి నీళ్ళలోకి వచ్చినప్పుడే మందుకి దొరుకుతుందని, అందుకు రోజులు పడుతుందని నాకు తెలీదు. మళ్ళీ సీసా ఎత్తాను.

"కూరలో రెండోసారి ఉప్పేసే ముందు రుచి చూస్తాం కదండీ," అన్నారు అత్తగారు. "నీళ్ళలో ఎంతుందో చూశారా?"

"ఇది సైన్సండీ. మీకు తెలీదు," అంటూ రెండో మోతాదూ పోసేశాను.

పొద్దున్నకి రొయ్యలన్నీ చచ్చిపోయాయి. ఒక చేప వెల్లకిలా తేలింది. రెండోది అడుగున పడి ఎగశ్వాస తీస్తోంది. హైదరాబాదుకి ఫోన్ చేసి అంకుల్ కి చెప్పాను. "రొయ్యలున్న తొట్లె రాగి ఏస్తరా మియా? ఉన్నదాన్ని వేరే ఉప్పునీళ్ళల్ల పెట్టు, జల్దీ," అన్నారు.

తిరిగొచ్చాక మిగిలిన చేపకి ఆయనే వైద్యం చేశారు. రాళ్ళూ ఇసకా లేని ఖాళీ తొట్టె. మందు ఒక్కసారిగా కాదు, రెండు రోజులపాటు కొంచెం కొంచెంగా. ప్రతిసారీ గాజు గొట్టంలో నీళ్ళు తీసి, రంగు కార్డు పక్కన పెట్టి చూశాకే తరవాతి చుక్క. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారాల తరబడి. నేను పక్కనే నిలబడేవాణ్ణి. ఒకనాడు తలెత్తకుండానే అన్నారు: "మందు తప్పు కాదు మియా. నువ్వు నమ్మినవ్. చూడలే."

జీవితమంతా నమ్మకాలతో పోట్లాడిన నాకు అంతకంటే పెద్ద తిట్టు ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు. చేప బతికింది. జంట లేకుండా ఇంకో మూడేళ్ళు ఆ తొట్టెలో తిరిగింది. నేను గెలిచిన వాదనలు ఈ పాతికేళ్ళలో ఒక్కటీ గుర్తులేకుండా కొట్టుకుపోయాయి. వెల్లకిలా తేలిన ఆ చేప మాత్రం పోలేదు.

కాబట్టి మందుకంటే ముందు కిట్ కొనండి. చేపని వేరే తొట్టెలోకి మార్చండి. ప్రతి మోతాదుకీ ముందు నీళ్ళు కొలవండి. కొలిచే ఓపిక లేదా? సీసా మూత తియ్యకండి.