మనోళ్ళు గెలిచినారా సారూ?

ఆ రోజుల్లో నాకు ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉండేది. ఇప్పుడు ఇంట్లో కూర ఏం వండమంటారని అడిగినా "నీ ఇష్టం" అనేసి సోఫాలో వాలిపోయే మనిషిని. కానీ కువైట్ వచ్చిన కొత్తలో, ఒంట్లో ఇంకా కాస్త శక్తి ఉన్న వయసులో, అమెరికాలో ఎక్కడో ఒక కాలేజీ కుర్రాళ్ళు బంతిని చంకలో పెట్టుకుని ముందుకు దూకాలా, లేక బుద్ధిగా తన్నేసి ఊరుకోవాలా అన్న దాని మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉండేది. ఆ కాలేజీ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే చూపించలేను. ఆ ఆటని అక్కడ ఫుట్‌బాల్ అని ఎందుకంటారో ఇప్పటికీ తెలియదు, కాలితో ముట్టుకునేది తక్కువ, మీద పడి కొట్టుకునేది ఎక్కువ. చూస్తే మన కబడ్డీకి హెల్మెట్లు పెట్టినట్టుంటుంది. అయినా ఒక ఏడాదంతా నేను ఆ ఆటకి అభిమానిని, పండితుణ్ణి, పంచాంగకర్తని. తలచుకుంటే ఇప్పటికీ ఆవులింతే వస్తుంది.

ఇదంతా ఎలా మొదలైందో చెప్తాను. మాది షుఐబాలో ఫ్యాక్టరీల పైపులూ వాల్వులూ బాగుచేసే కాంట్రాక్టు కంపెనీ. దాని సైటు ఆఫీసుకి పెద్ద ఒక అమెరికా ఆయన. అందరం పెద్దాయన అనేవాళ్ళం. మనిషి ఎత్తూ లావూ, ముఖంలో నవ్వు ఉండేది కాదు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పొద్దున్నే పని మొదలు. వాళ్ళ దేశంలో కాలేజీ ఆటలు జరిగేదేమో శనివారం. అంటే ఆయన ఆడినంత పని చేసి, ఆ వేడి చల్లారకముందే ఆదివారం మీటింగుకి వచ్చేవాడన్నమాట. నేను చేరిన మొదటి ఆదివారం ఆయన కంప్యూటర్లో ఒక ఆట తాలూకు ముక్క నడుస్తోంది. ఆయన కాలేజీ జట్టులోని పన్నెండో నంబరు కుర్రాడు బంతిని నేరుగా అవతలి వాళ్ళ చేతుల్లోకి విసిరాడు. "చూశారా?" అని పెద్దాయన ఇంగ్లీషులో గదంతా కలియజూశాడు. అందరూ బూట్లు చూసుకుంటున్నారు. కొత్తవాణ్ణి కదా, నాకు భయం తెలియక, మనసులో ఉన్నది అడిగేశాను. "సార్, ఆ అబ్బాయికి పరీక్షలేమైనా ఉన్నాయా? మనసు ఆట మీద ఉన్నట్టు లేదు."

ఇందులో వెటకారం ఏమీ లేదు. మా కాలేజీలో ఉన్న ఒక్క ఫుట్‌బాల్‌నీ పీటీ సారు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. అది కావాలని అడిగితే అటెండెన్స్ ఎంతుందని అడిగేవాడు. అలాంటి చోట చదువుకున్నవాడికి, స్టేడియం నిండా జనం కేకలు పెడుతుంటే పరుగెత్తే విద్యార్థిని చూడగానే ముందు వాడి బ్యాక్‌లాగ్‌లే గుర్తొస్తాయి. పెద్దాయన నా వంక చాలాసేపు చూశాడు. తరవాత బల్ల గుద్ది నవ్వాడు. (ఆయన నవ్వగలడని స్టోర్‌కీపరుకి ఆ రోజే తెలిసిందట.) "మూడు వారాలుగా నేను మొత్తుకుంటున్నది అదే, వీడి బుర్ర ఇక్కడ లేదు" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం మీటింగయ్యాక నన్ను ఒక్కణ్ణీ ఆపేవాడు. టీ తెప్పించి, కుర్చీ వెనక్కి వాల్చి, "ఊఁ, చెప్పు" అనేవాడు.

చెప్పాలంటే చూడాలి కదా. శనివారం సాయంత్రం బట్టలు ఉతుక్కుని, అబూ హలీఫాలోని మా గదిలో ఫోను ముందు కూర్చునేవాణ్ణి. వారం వారం ఆ కాలేజీలకి ర్యాంకులిచ్చేవారు. ర్యాంకుల సంగతి మనకి ఒకరు నేర్పాలా? ఎవరికి ఎందుకు పెరిగింది, ఎవరికి అన్యాయం జరిగింది అనేది ఇట్టే పట్టేసేవాణ్ణి. మిగతా ఆటంతా గుడ్డి అంచనా. డిఫెన్సు వాళ్ళు తిని కూర్చుంటున్నారనీ, కోచ్‌కి ధైర్యం లేదనీ, అంపైరుకి కళ్ళజోడు మార్చాలనీ చెప్పేవాణ్ణి. ఈ మూడు ముక్కలూ ప్రపంచంలో ఏ ఆటకైనా సరిపోతాయని నాకు అప్పుడే తెలిసింది. పెద్దాయన కళ్ళు మూసుకుని తలూపుతూ వినేవాడు.

ఇంతవరకూ ఫరవాలేదు. నా ప్రాణం మీదికి తెచ్చింది మా వ్యాను డ్రైవరు, రాయచోటి అన్న. ఒకసారి పెద్దాయన కాలేజీ ఓడిపోయిన మర్నాడు స్టోర్‌కీపరు ఓవర్‌టైము కాయితాలు సంతకం లేకుండా వెనక్కి వచ్చాయి. రాయచోటి అన్న ఆ రెంటికీ ముడిపెట్టాడు. "ఆళ్ళు గెలిస్తే సంతకం పెడతాడు, ఓడితే పెట్టడు. నేను సూస్తానే ఉండా గదా" అని వ్యానులో ప్రకటించాడు. ఆ మాట సైటంతా పాకింది. ఆనాటి నుంచి ఆదివారం పొద్దున వ్యాను ఎక్కుతుంటే ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, అది కూడా రాయచోటి అన్న నోటి నుంచే ముందు వచ్చేది. "మనోళ్ళు గెలిచినారా సారూ?" కడప, అన్నమయ్య జిల్లాల నుంచి వచ్చి ఎండలో పైపులు మోసేవాళ్ళంతా ఆ ఊరూ పేరూ తెలియని కాలేజీని మనోళ్ళు అనేవారు. నేను గెలిచారంటే జేబుల్లోంచి సెలవు చీటీలు బయటికి వచ్చేవి. ఓడారంటే లోపలికి పోయేవి. ఓడిపోతే నావంక అదోలా చూసేవారు, నేనే బంతి జారవిడిచినట్టు.

ఇలా ఉండగా నా వంతు వచ్చింది. మా ఆవిడ విజయవాడలో పుట్టింట్లో ఉంది, తొలి కాన్పు. వచ్చేవారం ఎప్పుడైనా కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. నేను ఆ సమయానికి పక్కన ఉండాలి. పెళ్ళయిన నెలకే విమానం ఎక్కినవాణ్ణి, మధ్యలో ఒక్క సెలవుకి వెళ్ళివచ్చినవాణ్ణి, ఇది కూడా ఫోనులో చూస్తే ఇక నేను మనిషినే కాదనిపించింది. కానీ ఆ నెలలోనే ఒక ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పెట్టారు. అంటే ఫ్యాక్టరీ మొత్తం ఆపేసి రిపేర్లు చేస్తారు, అప్పుడు ఎవరికీ సెలవులుండవు. అర్జీ పెట్టాను. "పెద్దాయన ఊఁ అంటే తప్ప లాభంలేదు" అన్నారు ఆఫీసులో. ఆ శనివారం పెద్దాయన కాలేజీకీ పక్క ఊరి కాలేజీకీ ఆట. ఆ రెండూళ్ళూ తరతరాలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోరట.

ఆ వారం నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. గురువారం సాయంత్రం గదికి వచ్చింది మొదలు పాత ఆటలు, కోచ్ ఇంటర్వ్యూలు, ఎవరి మోకాలు బాగుంది ఎవరిది లేదు, ఇవే చూశాను. మా ఆవిడ వీడియో కాల్ చేస్తే సగం బుర్రతో మాట్లాడాను.

"ఏవండీ, నేను ఇక్కడుంటే మీ కళ్ళు ఎటో ఉన్నాయేంటి?" అంది.

"పన్నెండో నంబరు వాడికి భుజం నొప్పట" అన్నాను.

"నాకు నడుం నొప్పి. అదేమన్నా వార్తల్లో వచ్చిందా?" అని పెట్టేసింది.

రాయచోటి అన్న అయితే నా కోసం ఏకంగా వీరభద్రస్వామికి మొక్కుకున్నాడు. "మనోళ్ళు గెలిస్తే ఊరికి పోయినప్పుడు గుండు కొట్టించుకుంటా సారూ. నువ్వు బిడ్డను సూసుకో పో" అన్నాడు. స్వామివారికి ఆ ఆట నియమాలు ఎవరు చెప్పారో నాకు తెలియదు. శనివారం సగం ఆట అయ్యేసరికి మనోళ్ళు బాగా ముందున్నారు. నేను సూటుకేసు దింపి దుమ్ము కూడా దులిపాను. తరవాత డిఫెన్సు వాళ్ళు నిజంగానే తిని కూర్చున్నారు. చివర్లో తన్నితే గెలిచే బంతిని తన్నేవాడు స్తంభానికి కొట్టాడు. ఓడిపోయారు. ఆ తన్నిన కుర్రాడు హెల్మెట్ తీసి నేల మీద కూర్చుండిపోయాడు. మామూలుగా అయితే జాలిపడేవాణ్ణి. ఆ పూట మాత్రం వాణ్ణి, వాడికి సీటిచ్చిన కాలేజీని, దాన్ని కట్టినవాళ్ళని, అందరినీ తిట్టుకున్నాను.

ఆదివారం వ్యానులో ఎవరూ అడగలేదు. నా ముఖం చూశారు, చీటీలు లోపల పెట్టేశారు.

"ఈ పొద్దు లోపలికి పోవద్దు సారూ. ఆయప్ప మంటమీద ఉంటాడు. రేపు పోదువులే" అన్నాడు రాయచోటి అన్న.

"కాన్పు రేపటిదాకా ఆగుతుందా అన్నా?" అన్నాను.

ఆ పూట ఆయన వ్యాను ఎందుకో చాలా మెల్లగా నడిపాడు.

మీటింగు అయింది. పెద్దాయన ఎప్పటిలాగే నన్ను ఆపాడు, టీ తెప్పించాడు. ముఖం వాడిపోయి ఉంది. "ఊఁ, చెప్పు" అన్నాడు. చెప్పాను. డిఫెన్సు, కోచ్, అంపైరు, మూడూ అయ్యాయి. ఆయన ఊఁ అనలేదు, తలూపలేదు, కిటికీలోంచి చిమ్నీ వంక చూస్తున్నాడు. ఈ మౌనంలో సెలవు మాట ఎత్తడం ఎలా? ముందు ఆయన మనసు కాస్త మెత్తబడాలి. కాలేజీ రోజులు గుర్తుచేస్తే ఎవరైనా మెత్తబడతారు. మన ఇంజినీర్లు ఇద్దరు ఏ దేశంలో కలిసినా అడిగే మొదటి ప్రశ్న అదే కదా, నేనూ అదే అడిగాను. "ఇంతకీ మీది ఏ బ్రాంచి సార్? ఏ బ్యాచ్?"

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. "నేను కాలేజీకి వెళ్ళలేదు" అన్నాడు.

ఆయనే మెల్లగా చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాన్న లారీ మెకానిక్కట. ఇల్లు ఆ స్టేడియం వెనక వీధిలో. టికెట్టు కొనే స్తోమత లేదు. శనివారం మధ్యాహ్నం వాళ్ళమ్మ ఇంట్లో అందరినీ నోళ్ళు మూసుకోమనేదట. గోడ అవతలి నుంచి వచ్చే కేకని బట్టి మనవాళ్ళు గెలుస్తున్నారో ఓడుతున్నారో చెప్పేసేదట. ఆయన బడి అవుతూనే పైపులు బిగించే పనిలో చేరి, దేశాలు తిరిగి, ఇంతవాడయ్యాడు. "ఆ కాలేజీ లోపల ఒక్క గది కూడా నాకు తెలియదు. కానీ వాళ్ళు ఓడితే మా అమ్మ మాట్లాడటం ఆపేసినట్టుంటుంది" అన్నాడు.

నాకంటే బాగా పుండు మీద కారం చల్లేవాడు దొరకడు. ఇక నా సెలవు గోవిందా అనుకున్నాను. పోయేదెలాగూ పోయింది కదా అని, ఉన్నదంతా ఒక్క ఊపులో కక్కేశాను. "సార్, నా భార్యకి నెలలు నిండాయి. షట్‌డౌన్ అని తెలుసు. మీరు ఓడిపోయి బాధలో ఉన్నారనీ తెలుసు. అయినా నేను వెళ్ళాలి సార్. నాకు సెలవు కావాలి."

పెద్దాయన నన్ను వింతగా చూశాడు. "గురువారమే ఇచ్చేశానుగా? టికెట్టు కూడా తీయమన్నాను. నీకు మెయిలు రాలేదా?"

ఫోను తీసి చూశాను. గురువారం సాయంత్రమే వచ్చింది మెయిలు. కోచ్ ఇంటర్వ్యూల కింద, మోకాళ్ళ వార్తల కింద, నేను తెరవని ఆఫీసు మెయిళ్ళలో చక్కగా పడి ఉంది. విమానం అదే ఆదివారం మధ్యాహ్నానికే. నేను షుఐబాలో, నా పాస్‌పోర్టూ సూటుకేసూ అబూ హలీఫాలో.

"మరి ఆట... ఓడిపోయారు కదా సార్?" అన్నాను తెలివితక్కువగా.

"ఓడితే?" అన్నాడు ఆయన. నిజంగానే అర్థంకాలేదు ఆ మనిషికి. తన సంతకం చుట్టూ మేము ఇంత శాస్త్రం అల్లుకున్నామని ఆయనకి ఎవరు చెప్పారు? "విమానం పెట్టుకుని కూడా నువ్వు ఆట గురించి మాట్లాడటానికే వచ్చావనుకున్నాను. మంచి స్నేహితుడు అనుకున్నాను" అన్నాడు. మళ్ళీ వెంటనే గొంతు పెంచి, "ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? యల్లా, పో!" అన్నాడు.

వ్యానులో గదికి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకి రాయచోటి అన్న నడిపిన తీరు గురించి చెప్పకపోవడమే మంచిది. దారిలో సంగతంతా విన్నాడు. చివరికి, "అయితే ఆ స్టోర్ కాయితాలు యాల ఎనక్కి పంపినాడబ్బా?" అన్నాడు. ఏమో అన్నాను. ఇంకాస్త దూరం పోయాక సిగ్నల్ దగ్గర అద్దంలో జుట్టు చూసుకుని, "పోనీలే, గుండు తప్పింది" అన్నాడు.

నేను వెళ్ళిన మర్నాడు పాప పుట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆ తరవాతి ఆదివారం పొద్దున పాప ఒళ్ళో నిద్రపోతుంటే నా చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయి ఫలితం చూసింది. మనోళ్ళు గెలిచారు. ఏ సంతకమూ అక్కర్లేని వాణ్ణి, అయినా కూర్చుని పెద్దాయనకి డిఫెన్సు గురించి పొడుగాటి మెసేజీ పెట్టాను. ఆయన ఆట ఊసే ఎత్తలేదు. పాప ఫోటో పంపమన్నాడు. పంపితే, భుజాలు గట్టిగా ఉన్నాయన్నాడు.

ఆయన రిటైరై ఆ స్టేడియం ఉన్న ఊరికే వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆ గదిలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నాకున్న పిచ్చి క్రికెట్, అది సైటులో అందరికీ తెలుసు. ఆదివారం పొద్దున కుర్ర ఇంజినీర్లు తలుపు తోసుకుని వచ్చి, నిన్న మనవాళ్ళు ఆడిన ఆట మీద మహా ఉత్సాహంగా అభిప్రాయాలు చెప్తారు. బౌలర్లు తిని కూర్చుంటున్నారంటారు. కెప్టెన్‌కి ధైర్యం లేదంటారు. నేను టీ తెప్పించి, కళ్ళు మూసుకుని తలూపుతాను. ఈ మధ్య హైదరాబాదు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె అలాగే వచ్చి, అంపైరు దాకా అన్నీ చెప్పి, లేచి వెళ్ళబోయింది. ఉండబట్టలేక అడిగాను. "సెలవేమైనా కావాలా అమ్మా? కావాలంటే ముందే చెప్పు, మొహమాటపడకు."

"ఏం లేదు సార్, ఊకనే వచ్చిన. మ్యాచ్ గురించి మాట్లాడనీకి ఇక్కడ ఎవరున్నరు?" అంది.

నమ్మేశాను. ఈ వయసులో ఆదివారం పొద్దున్నే అలాంటి మాట వినబడితే ఎవరు మాత్రం నమ్మకుండా ఉంటారు? ఇంకో టీ తెప్పించి, కూర్చోమన్నాను.