బూడిద ఎక్కడ పోస్తారని అడిగిన మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు గుడివాడలో అందింది. ఒక రైతుగారింట్లో కూర్చుని, ఆయన దాచుకున్న డబ్బు ఏ ఫండులో పెడితే బాగుంటుందో చెబుతున్నాను. ఫోన్ చేసింది అత్త కోడలు, నాకు అక్క వరస. "అత్తమ్మ లేదు తమ్ముడూ, నిద్రలోనే పోయింది" అంది. రైతుగారు నా మొహం చూసి మంచినీళ్లు తెప్పించి, "ఎవరండీ?" అన్నారు. "నాకు ఈ పని నేర్పినావిడండీ" అన్నాను. ఏ బ్యాంకు మేనేజరుగారో అనుకుని ఉంటారు. బందరు బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆవిడ బ్యాంకు మేనేజరు కాదు. గిలకలదిండి హార్బరులో పెళ్లయిన ఏడాది నుంచీ చేపలు అమ్మిన మనిషి. మాలో మగవాళ్లు వేటకి వెళ్తారు, తెచ్చిన చేపను అమ్మి ఇల్లు నడిపేది ఆడవాళ్లే. అలాంటి ఆడవాళ్లు పెట్టుకున్న పొదుపు సంఘానికి మా అత్త పెద్ద. చదువు మూడో తరగతి. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ నాది. బందరులో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, ఫండ్లూ బాండ్లూ అమ్మే ఏజెంటునయ్యాను. అత్త వస్తే కుర్చీలో కూర్చునేది కాదు. "నా వాసన అంటుకుంటే నీ బేరాలు పోతాయిరా" అని గుమ్మంలోనే నిలబడేది. ఆవిడ వాసనకి నా బేరం ఒక్కటీ పోలేదు. ఆవిడ అలా నిలబడి అడిగిన ప్రశ్నలకి మాత్రం నాకు చెమటలు పట్టేవి.

సంఘం ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బును ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, నేను ఒక కరెంటు కంపెనీ బాండు తీసుకెళ్లాను. బ్యాంకు కంటే వడ్డీ ఎక్కువ, నాకు కమీషనూ ఎక్కువే, దాచడమెందుకు. కాగితం నిండా పచ్చటి ఆకుల బొమ్మలు. అత్త చేపను కొనేటప్పుడు పొలుసు మెరుపు చూడదు, మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తుంది. నా కాగితాన్నీ అలాగే అటూ ఇటూ తిప్పింది. "పై తళుకు సరేరా అల్లుడూ, మొప్ప ఎత్తి చూపించు" అంది. అడుగున ఉన్న చిన్న అక్షరాలు ముందు చదవమంది. చదివాను.

"ఆ కరెంటు దేంతో తీస్తారు?"

"బొగ్గుతో అత్తా."

"కాల్చాక బూడిద ఎక్కడ పోస్తారు? వేడినీళ్లు ఎటు వదుల్తారు?"

నాకు తెలీదు. అంతవరకూ నన్నెవరూ అడగలేదు, నాకై నాకు తోచనూ లేదు. "అదెక్కడో వేరే జిల్లాలో ఉందత్తా, మన ఏటికేం కాదు" అన్నాను.

"అక్కడ ఉండేది మనుషులు కాదేంట్రా?" అంది.

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మూడు బస్సులు మారాం. ప్లాంటు పక్క ఊళ్లో, ఏటి గట్టు మీద ఒకావిడ గిన్నెలో నాలుగు పీతలు పెట్టుకుని అమ్ముతోంది. అత్త ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుంది. "ఇదివరకు తట్ట నిండా దొరికేయమ్మా. ఏట్లోకి వేడినీళ్లు వదల్డం మొదలెట్టాక, పొద్దంతా తిరిగితే ఇయ్యే" అందావిడ. అత్త ఆ నాలుగూ చెప్పిన ధరకే కొనేసింది. ఆవిడ బేరమాడకుండా ఏదైనా కొనడం నా జన్మలో అదొక్కసారే చూశాను.

తిరిగొచ్చి సంఘాన్ని కూర్చోబెట్టింది. ఆ బాండు వద్దనేసరికి గొడవైంది. "వడ్డీ వస్తుంటే వద్దంటావేంటి వదినా? నీకేం, నీ కొడుక్కి బోటుంది" అని ఒకావిడ మొహం మీదే అనేసింది. అత్త కోప్పడలేదు. "ఇంకో చేపలమ్ముకునేదాని పొట్టకొట్టి వచ్చే వడ్డీ నాకరగదే" అంది. కరెంటులోనే పెడదాం, కానీ మన కరెంటులో పెడదాం అంది. సాయంత్రానికి మిగిలిన చేపను అయినకాడికి వదిలించుకునే బాధ లేకుండా, సోలారుతో నడిచే ఒక కోల్డు రూము కట్టుకుందామని చెప్పింది. "అది పనిచెయ్యకపోతే నా పెద్దరికం మీ ముందే వదిలేస్తా" అని మాటిచ్చింది. ఆవిడకున్న ఆస్తి ఆ మాటే. నాకు కమీషను పోయింది. రెండు వారాలు ఆవిడతో ముభావంగా ఉన్నాను.

సోలారు అమ్మే కుర్రాఫీసరు వస్తే అతన్నీ వదల్లేదు. "ఈ పలకలు పాడయ్యాక ఎక్కడ పారేస్తారు బాబూ?" అంది. అతను నవ్వి, "అప్పటికి చాలా ఏళ్లు పడుతుందండీ" అన్నాడు. "నేనుండనులే, ఏరుంటదిగా" అంది. పాడైన పలకలు కంపెనీయే వెనక్కి తీసుకెళ్తుందని కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టింది.

గది తయారైంది. మొదటి నెలలోనే చల్లదనం తగ్గిపోయింది. చేప మెత్తబడుతోంది. మా డబ్బు గాలికి పోయిందన్న గుసగుసలు మొదలయ్యాయి. అత్త రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నేను కంపెనీవాళ్లని ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టాను. అత్త మాత్రం చీర కుచ్చిళ్లు దోపుకుని, మిట్టమధ్యాహ్నం నిచ్చెనెక్కింది. వెనకాలే నేనూ ఎక్కాను. పలకల మీద, ఒక్క అంగుళం ఖాళీ లేకుండా, నెత్తళ్ల చేపలు ఆరబోసి ఉన్నాయి. ఇసక అంటదు, కుక్కలు రావు, వేడి బాగా తగులుతుంది. మా ఆడవాళ్లకి ఎండుచేపలకి అంతకంటే మంచి చోటు కనబడలేదు. ముందుగా ఆరబోసింది ఎవరంటే, అత్త సొంత కోడలే!

అత్త ఆ కప్పు మీదే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. సాయంత్రం అందరినీ పిలిచింది. కోడలి పేరెత్తలేదు. "తప్పు నాదే. ఆ పలకలకి ఎండే తిండని మీకు నేను చెప్పలేదు" అంది. మర్నాటి నుంచీ పొద్దున్నే పైకెక్కి, ఉప్పుగాలికి పట్టిన మరకలు మంచినీళ్లతో కడగడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి మిగతావాళ్లు వంతులు వేసుకున్నారు. గది మళ్లీ ఆగలేదు. ఆవిడ పెద్దరికం ఆవిడ దగ్గరే ఉంది.

నేనూ మారాను. ఏ కంపెనీ కాగితం చేతికొచ్చినా ఆవిడ అడిగినవే అడుగుతున్నాను. జవాబు లేని చోట నా ఖాతాదార్ల డబ్బు పెట్టించను. దాంతో కొందరు వెళ్లిపోయారు, కొందరు అందుకోసమే వెతుక్కుంటూ వస్తున్నారు. గుమ్మంలో నిలబడి నాకు ఇంత నేర్పిన మనిషి నా మేనత్త అని చెప్పుకోవడం నాకు గర్వం.

బందరులో బస్సు దిగి ఆటోలో గిలకలదిండి చేరాను. మా మావయ్య పోయిన రోజు నాకు గుర్తుంది. ఆ పొద్దున బోట్లు నిండుగా వచ్చాయి. ఆడవాళ్లంతా వచ్చి ఏడ్చి, గంట తిరక్కుండానే ఒక్కొక్కరే కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లేచి వెళ్లారు. వాళ్ల తప్పు కాదు, ఎండ పెరిగితే చేప ఆగదు. అత్త దగ్గర చివరికి మా అమ్మ ఒక్కతే మిగిలింది. మొన్న అత్త పోయిన రోజునా బోట్లు నిండుగానే వచ్చాయి. చేపంతా కోల్డు రూములో పెట్టి, తాళం వేసి వచ్చారు. వాకిట్లో, వీధిలో, పక్కిళ్ల అరుగుల మీద, హార్బరు ఆడవాళ్లంతా ఆవిడ చుట్టూ కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది. ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ ఎండ వంక చూడలేదు.