మళ్ళీ చెప్పమనే మేడం

మా డిపార్ట్‌మెంట్ సీనియర్ మేడం పోయిన సోమవారం పొద్దున గుండెపోటుతో పోయారు. నేను పరీక్ష హాల్లో అడిషనల్ షీట్లు ఇస్తుంటే తోటి లెక్చరర్ వచ్చి చెవిలో చెప్పింది. ఏడుపు రాలేదు. భయం వేసింది. ఎదురుగా పదకొండు మంది విదేశీ పిల్లలు తలలు వంచుకుని రాస్తున్నారు. గంట కొట్టాక వాళ్ళకి ఈ మాట చెప్పాల్సింది నేనే.

మంగళగిరి దగ్గరున్న మా యూనివర్సిటీకి ఆఫ్రికా నుంచీ నేపాల్ నుంచీ ఏటా కొందరు వస్తారు. మధ్యాహ్నం క్లాసులయ్యాక మేడం వాళ్ళని తన గదిలో కూర్చోబెట్టుకునేవారు. పాఠం చదివించి, పుస్తకం మూయించి, "ఇప్పుడు నాకు చెప్పు" అనేవారు. చెప్పాక కళ్ళజోడు తీసి, "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అనేవారు. ఆవిడకి అర్థం కాకపోవడమేమిటి? మూడోసారికి చెప్పేవాళ్ళకే అర్థమయ్యేది. పేపర్లు పెన్సిల్‌తోనే దిద్దేవారు. ఎర్ర సిరా చూస్తే తనకే గుండె దడ అనేవారు.

ఆ క్లాసు మొదలైంది నా తప్పు వల్ల.

నేను చేరిన మొదటి ఏడాది. టాంజానియా నుంచి వచ్చిన నీమా అనే అమ్మాయి ఎకనామిక్స్ అసైన్‌మెంట్‌లో నాలుగు పేజీలు పుస్తకంలోంచి మక్కీకి మక్కీ దింపింది. సున్నా వేసి, కాపీ కొట్టిందని క్రమశిక్షణ కమిటీకి రాశాను. తప్పు తేలితే ఏడాది పోతుంది, దాంతో పాటే స్కాలర్‌షిప్పూ పోతుంది, వీసా పొడిగించడమూ కష్టమే. ఆ సంగతి తెలిసే రాశాను.

విచారణ రోజు పొద్దున హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. "నీమా గదిలో లేదండీ. ఫోన్ స్విచాఫ్. బెజవాడ బస్సెక్కిందంటున్నారు."

మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ వింటూనే కారు తాళాలు తీసుకుని లేచారు. వారధి మీద వెళ్తుంటే కింద నిండు కృష్ణ. అటు చూడలేక ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

"నా వల్లే మేడం. ఆ పిల్ల ఏమైనా చేసుకుంటే..."

"నాకూ భయంగానే ఉందమ్మాయ్. భయపడుతూనే వెతుకుదాం."

బస్టాండులో ప్లాట్‌ఫారాలన్నీ తిరుగుతుండగా మేడం ఫోన్ మోగింది. హనుమాన్ జంక్షన్‌లో టిఫిన్ హోటల్ నడిపే ఆవిడట. పిల్ల మెడలోని యూనివర్సిటీ కార్డు చూసి ఆఫీసుకి ఫోన్ చేస్తే వాళ్ళు మేడం నంబరిచ్చారట.

"పొద్దున్నించీ ఇక్కడే కూర్చుందమ్మా. ఏం పెట్టినా ముట్టట్లేదు. రోడ్డు మీద లారీలకేసి అట్టాగే చూస్తంది. తొందరగా రండి, నాకు భయమేస్తంది."

ఆ గంట ప్రయాణం నాకు సరిగా గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే. హోటల్లో అడుగు పెట్టగానే నీమా నన్ను చూసి లేచి, గోడకి అతుక్కుపోయింది. ఒక మనిషి నన్ను చూసి అంతగా హడలిపోవడం అదే మొదటిసారి.

మేడం పక్కన కూర్చుని వీపు నిమిరారు. ఆ పిల్ల తడబడే ఇంగ్లీషులో చెప్పింది. "మా స్కూల్లో పుస్తకంలో ఉన్నట్టే రాయాలి. మాట మారిస్తే తప్పు. ఇక్కడ మార్చకపోతే దొంగతనమంటున్నారు. నాకెవరూ చెప్పలేదు."

నేనూ చెప్పలేదు. నేనూ ఇంటర్‌లో అలా బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

మేడం నీమా సంచిలోంచి పుస్తకం తీసి ఒక పేజీ చదివించి మూసేశారు. "ఇప్పుడు చెప్పు." మొదటిసారి పేజీలో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. రెండోసారి పుస్తకంలో ముక్కలే వచ్చాయి. మూడోసారి ఎదురుగా ఉన్న ఇడ్లీ ప్లేటు చూపించి, ఈ హోటల్లో పదే ఇడ్లీలు మిగిలి, ఇరవై మంది ఆకలితో వస్తే ధర ఏమవుతుందో చెప్పింది. చెబుతూ చెబుతూ ఒక ఇడ్లీ తుంచుకుని తింది.

మధ్యాహ్నం కమిటీ ముందు నా తప్పు ఒప్పుకున్నాను. మేడం పట్టుబట్టి అక్కడా నీమా చేత అలాగే చెప్పించారు. అసైన్‌మెంట్ మళ్ళీ రాయడానికి వారం గడువిచ్చారు. నీమా సెకండ్ క్లాసులో డిగ్రీ పూర్తి చేసి వాళ్ళ ఊరు వెళ్ళింది. ఆ విచారణ మర్నాటి నుంచే మేడం గదిలో క్లాసు మొదలైంది. నన్నూ వచ్చి కూర్చోమన్నారు. "తప్పు పట్టేముందు మనం నేర్పామా అని చూసుకో" అన్నారు, అంతే. ఆ రోజు సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గది నాకిచ్చారు. ఆవిడకున్న ఓపిక నాకు లేదు. నేపాల్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి రెండు రోజులుగా క్లాసులకి రావడం లేదని తెలిసి, గదికి రమ్మని ఇందాక ఫోన్ చేశాను. "వస్తున్నా మేడం" అంది మెల్లగా. హాస్టల్ నుంచి అయిదు నిమిషాల నడక. పావుగంటైంది. కూర్చోలేక కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎండకి గ్రౌండంతా ఖాళీగా ఉంది. ఆ చివర నీలం గొడుగు కింద ఆ అమ్మాయి కనబడింది. రెండడుగులు వేసి, నా కిటికీకేసి చూసి ఆగుతోంది. మళ్ళీ రెండడుగులు వేస్తోంది.