చెప్పకుండా వచ్చేసిన ఇల్లు

ఐర్లండులో మేముండే కిల్కెన్నీలో మా వీధి చివరింటి ముసలాయన, హాలోవీన్ వచ్చిందంటే చాలు, ఇంటి ముంగిటిని శ్మశానంగా మార్చేసేవాడు. కొనుక్కొచ్చిన సామాను ఒక్కటీ ఉండేది కాదు. ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చిన థర్మాకోల్ కోసి సమాధి రాళ్లు, చిరిగిన దుప్పట్లతో దయ్యాలు, పాత చెక్కలతో ఒక శవపేటిక. ఆ పేటికలో తనే పడుకుని, పిల్లలు దగ్గరికి రాగానే పెద్దగా అరుస్తూ లేచి కూర్చునేవాడు. మా అమ్మాయి ప్రతి ఏడాదీ హడలిపోయి ఏడ్చేది, మళ్లీ వెళ్దామని నా ప్రాణం తీసేది. శుభమా అని పండగ పూట ఈ శవాల సరదా ఏమిటో అని మొదట్లో విసుక్కునేదాన్ని.

ఆయన భార్యతో నాకు మంచి స్నేహం. మా ఆయన ఆస్పత్రిలో డాక్టరు, డ్యూటీకి వేళాపాళా ఉండదు. నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు పిల్లని స్కూలు నుంచి తెచ్చి, ఇంత తినిపించి, పడుకోబెట్టింది ఆవిడే. ఈ ఊళ్లో నాకంటూ ఉన్న మనిషి ఆవిడొక్కతే.

ఈసారి సెప్టెంబరులో మా చెల్లెలి పురిటికని విజయవాడ వెళ్లాను. నేనక్కడ ఉండగానే ముసలాయన గుండెపోటుతో పోయాడని మా ఆయన ఫోన్లో చెప్పారు. తిరిగొచ్చేసరికి హాలోవీన్ రానే వచ్చింది.

"ఆవిణ్ణి పరామర్శించి రావాలండీ" అన్నాను.

"రేపు వెళ్దువుగానిలే. ఇవాళ పిల్లలు మూగుంటారు. ఎప్పట్లాగే అన్నీ పెట్టిందంట" అన్నారు.

నేను నమ్మలేదు. మొగుడు పోయి నెల తిరిగిందో లేదో, ఇదేం చోద్యం!

సాయంత్రం అమ్మాయి మంత్రగత్తె వేషం వేసుకుని నన్ను లాక్కుపోయింది. రాళ్లు వంకరటింకరగా నిలబెట్టి ఉన్నాయి. వానకి తడిసి ఒక దుప్పటి దయ్యం నేల మీద పడిపోతే ఎవరూ లేపినట్టు లేదు. శవపేటిక మూత తీసే ఉంది. లోపల ఆయన కోటు, ఆయన టోపీ, తోటపనికి ఆయన తొడుక్కునే గ్లౌజులు. కోటు నిండా దిండ్లు కుక్కి ఉన్నాయి. మా అమ్మాయి వంగి చూసింది. ఎవరూ లేచి కూర్చోలేదు. అప్పటిదాకా ఆట చూడ్డానికి వచ్చినదాన్ని, ఆ కోటు చూశాక చావింటికి వచ్చినదాన్నయ్యాను.

ఆవిడ గుమ్మంలో చాక్లెట్ల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఇంతలో వెనకనుంచి ఇంకో పిల్లల గుంపు వచ్చి పడింది. ఆవిడ నవ్వు తెచ్చుకుని, "బాయ్, పెట్. బాయ్, బాయ్, బాయ్" అంది. పెట్ అంటే బంగారూ అన్నట్టు, నన్నెప్పుడూ అలాగే పిలుస్తుంది. ఇక్కడివాళ్లు ఒక్క బాయ్‌తో ఎవరినీ పంపరు. నేను పలకలేదు. పరామర్శకి వెళ్లిన ఇంట్లో వెళ్లొస్తామని చెప్పకూడదు, మళ్లీ అలాంటి కబురు మీదే రావాలని కోరుకున్నట్టవుతుందని మా ఇళ్లల్లో అంటారు. అది నా ఒంట్లో ఇంకిపోయి ఉంది. తల వంచుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరగకుండా వచ్చేశాను.

దారిలో అమ్మాయి చెయ్యి విదిలించుకుంది. "అమ్మా, షీ వజ్ సేయింగ్ బాయ్ టు యూ! యూ డిడింట్ ఈవెన్ లుక్! షీ వజ్ క్రయింగ్, లైక్."

"నీకు తెలీదు, నోర్ముయ్" అన్నాను. కానీ ఆవిడకి మాత్రం ఏం తెలుసు? పలకరించినా మొహం తిప్పుకుని పోయాననుకోదూ! ఛీ, నా ఆచారం తగలెయ్య.

మర్నాడు పొద్దున్నే వానలోనే వెళ్లాను. ఆవిడ ఒక్కతే సమాధి రాళ్లు పీకి చెత్త సంచుల్లో కుక్కుతోంది. "యు ఆర్ గ్రాండ్, పర్లేదులే, సాయం ఏమీ అక్కర్లేదు" అంది తలెత్తకుండా. ఎప్పుడూ పెట్ అనే మనిషి, ఆ మాట అనలేదు.

నాకొచ్చిన ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. కోపం కాదని, మా వైపు మనిషి పోయిన ఇంట్లోంచి వెళ్లొస్తామని చెప్పి రామని, ఆ కోటు చూశాక నాకిక్కడ పండగ కనబడలేదని.

ఆవిడ సంచి వదిలేసి మెట్టు మీద కూలబడింది.

"నిన్న ఊరంతా వచ్చింది" అంది. "అందరూ లవ్లీ, లవ్లీ అన్నారు. ఆ కోటు ఎవరిదని ఒక్కరూ అడగలేదు. పండగ పూట నన్ను ఏడిపించడం ఎందుకనుకున్నారేమో. ఆయన గురించి ఎవరైనా ఒక్క మాట మాట్లాడతారనే కదా నేనిదంతా పెట్టింది!"

తడి మెట్టు మీద పక్కనే కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. కాసేపయ్యాక లేచి, ఆ కోటులోంచి దిండ్లు తీయబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది నేను తీసుకుంటాలే, పెట్. నువ్వింటికి వెళ్లు. నాకేం చెప్పకు, నిన్నటిలాగే వెళ్లు."

గేటు దాటి వచ్చేశాను. ఈసారి వెనక నుంచి బాయ్ వినబడలేదు.