తెలుగుల రాయకు అక్కా

గల్ఫ్ వలసల మీద అంతర్జాతీయ అధ్యయనాల్లో పీహెచ్‌డీ చేస్తున్నాను. సిద్ధాంత గ్రంథాన్ని ఇంగ్లిషులోనూ తెలుగులోనూ రాసివ్వాలి. ఈ రోజు డోర్నకల్ దగ్గరి ఒక తండాకు రెండోసారి వెళ్ళాను. తన భర్తను దుబాయ్ పంపిన ఏజెంటు అతని పాస్‌పోర్ట్ ఎలా లాక్కున్నాడో ఆ తండాలో ఉండే మంగ్లీ పోయినసారి దాచకుండా చెప్పింది. ఈసారి నన్ను గడప దగ్గరే ఆపేసింది.

“నిన్న ఏజెంటు మనుషులొచ్చిండ్రక్కా. నువ్వేం అడిగినవో అడిగిండ్రు.”

“నువ్వేం చెప్పినవ్?”

“ఏం చెప్పలే. ఇంగ్లీషుల రాసుకో గని తెలుగుల రాయకు అక్కా. ఈడ అందరు సదువుతరు. మా ఆయన ఇంకా ఆడనే ఉన్నడు.”

సరేనని స్టేషన్‌కు వచ్చి రైలు కోసం కూర్చున్నాను. ముక్కూ మొహం తెలియని ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. “తెలుగుది ఎందాక వచ్చింది మేడం?” అని మెల్లగా అడిగాడు. నేను లేచి ఇంకో బెంచీ మీదికి మారాను. నేనెక్కిన రైలే ఎక్కి, నేను దిగిన చోటే దిగాడు.

పేర్లూ ఊళ్ళూ మార్చే ఇది రాస్తున్నాను. రెండు భాషల్లో రాస్తే ఎక్కువ మందికి చేరుతుందని సంబరపడ్డాను గానీ, ఆ మందిలో ఎవరెవరుంటారో ఆలోచించలేదు. తెలుగు ప్రతిలో మంగ్లీ చెప్పిన సంగతులున్న అధ్యాయం ఉంచాలా, తీసేయాలా? మీరైతే ఏం చేస్తారు?